అన్నయ్య స్క్రీన్, వదిన స్క్రీన్

బీజీఎంఐ ఆడేవాళ్లకి లేఅవుట్ గోల కొత్తగా చెప్పక్కర్లేదు. ఫైర్ బటన్ ఎడమ చూపుడువేలి కిందికి, స్కోప్ కుడి చూపుడువేలి కిందికి, జంప్ ఇంకాస్త పక్కకి... మూడు వేళ్ల క్లా, నాలుగు వేళ్ల క్లా అంటూ ఆట మొదలుపెట్టకముందే గంట గడిపేసేవాళ్లు నాకు తెలుసు. ఫోన్లో మనం చెయ్యగలిగేది అంతవరకే. ఉన్న బటన్లని జరపొచ్చు, పెద్దవి చెయ్యొచ్చు, మసకగా మార్చొచ్చు. ఆట ఇవ్వని కొత్త బటన్‌ని మాత్రం స్క్రీన్ మీదకి తేలేం.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో తేవచ్చు. 2004 నవంబరులో అమెరికాలో మొదలై ఇప్పటికీ నడుస్తున్న ఈ కంప్యూటర్ ఆటలో, స్క్రీన్ మీద కనిపించే పట్టీలనీ గడులనీ ఆడేవాళ్లే తీసేసి తమకి నచ్చినట్టు మళ్లీ రాసుకోవచ్చు. అలా రాసిన చిన్న ప్రోగ్రాముల్ని యాడాన్లు అంటారు. ఆట ఫోల్డర్లో ‘ఇంటర్‌ఫేస్’, అందులో ‘యాడాన్స్’ అని ఉంటుంది. తెచ్చి అక్కడ పడేస్తే చాలు. రాసే భాష పేరు లువా. 1993లో బ్రెజిల్‌లోని ఒక యూనివర్సిటీలో పుట్టింది. పోర్చుగీసులో ఆ మాటకి చందమామ అని అర్థం.

ఏ యాడాన్ పెట్టుకోవాలి అని వెతికితే ఎక్కడ చూసినా రెండు జాబితాలే. కాజువల్‌గా ఆడేవాళ్లకి ఇవి, సీరియస్‌గా ఆడేవాళ్లకి అవి. ఆ రెండు రకాలూ మ్యూనిక్‌లో మా అన్నయ్య ఇంట్లో, ఒకే గదిలో, పక్కపక్క బల్లల మీద కూర్చుని ఉంటాయి. అన్నయ్య సీరియస్, వదిన కాజువల్. నేను హైదరాబాద్‌లో. ముగ్గురం ఆదివారాలు యూరప్ సర్వర్‌లో కలుస్తాం. వీడియో కాల్‌లో ‘తిన్నారా, ఏం కూర’ దాటి మాట సాగని మాకు, ఆటలో రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి. అందుకే ఒక ఆదివారం వదిన ‘ఇక నేను రాను’ అన్నప్పుడు నాకు గుండెల్లో రాయి పడింది. ఆ గొడవ సర్దుకోవడానికి నేను చేసిన పని, కూర్చుని ఒక్కో యాడాన్‌నీ తీసి చూడడం.

అన్నయ్య స్క్రీన్

అన్నయ్య హీలర్. అంటే పోట్లాటలో మిగతావాళ్ల ప్రాణాలు కాపాడేవాడు. వాడి గిల్డ్ వారానికి మూడు రాత్రులు మిథిక్ రెయిడ్‌కి వెళ్తుంది. మిథిక్ అంటే అన్నిటికంటే కష్టమైన మెట్టు. సరిగ్గా 20 మంది ఉండాలి. ఒక్కడు తప్పు చోట నిలబడితే మిగతా 19 మందీ చచ్చి, మళ్లీ మొదటినుంచి. ఒకే బాస్ మీద వందలసార్లు ప్రయత్నించే గిల్డ్‌లున్నాయి.

అలాంటి చోట యాడాన్ షోకు కోసం కాదు. డెడ్లీ బాస్ మాడ్స్ లేదా బిగ్‌విగ్స్ పెట్టుకుంటే, బాస్ పెద్ద దెబ్బ ఎన్ని సెకన్లలో కొడతాడో పట్టీ గీసి చూపిస్తుంది, గట్టిగా అరిచి చెబుతుంది. వూడూ అనే యాడాన్ 20 మందినీ 20 చిన్న గడులుగా పేరుస్తుంది. గడి మీద మౌస్ పెట్టి మీట నొక్కితే ఆ మనిషికి వైద్యం అందుతుంది. ముందు మనిషిని ఎంచుకుని, తర్వాత మంత్రం ఎంచుకునే రెండు పనులు ఒకటవుతాయి. ఈ ఆటలో ఒక మంత్రానికీ ఇంకో మంత్రానికీ మధ్య మామూలుగా ఒకటిన్నర సెకను ఆగాలి. అంత ఇరుకులో ఒక పని తగ్గడమంటే ఒక ప్రాణం నిలవడమే. ఇక వీక్‌ఆరాస్ ఉండేది. నీకు కావలసిన సంగతిని, కావలసిన బొమ్మతో, కావలసిన చోట చూపించమని నువ్వే రాసుకోవచ్చు. చేతనైనవాళ్లకి అది కల్పవృక్షం. అన్నయ్య దగ్గర ఇలాంటివన్నీ కలిపి 43 లెక్కపెట్టాను.

2024లో ‘ద వార్ వితిన్’ వచ్చినప్పుడు మొదటి రెయిడ్ చివర్న క్వీన్ ఆన్‌సురెక్ అని ఒక సాలెపురుగు రాణి ఉండేది. వాడి గిల్డ్ వారాల తరబడి ఆమె మీద తలబాదుకుంది. చివరికి చచ్చాక అడిగాను, “ఎలా ఉంటుందిరా అన్నయ్యా ఆవిడ?” అని. కాసేపు ఆలోచించి, “ఏమోనే, నేను గడులే చూశాను” అన్నాడు. నవ్వాడు గానీ అబద్ధం మాత్రం కాదు. హీలర్లు చాలామంది ఇంతే. స్క్రీన్ నడిమధ్య కోట కూలుతున్నా కళ్లు గడుల మీదే ఉంటాయి.

వదిన స్క్రీన్

వదిన వేటగత్తె. విల్లుతో దూరం నుంచి కొడుతుంది, పక్కన ఒక ఎలుగుబంటి. ఆమె స్క్రీన్ చూస్తే మొదట కనిపించేది కొండలు, వాన, పొద్దుగూకే ఆకాశం. తన పట్టీలు అడుగున సన్నగా ఉంటాయి. దానికి యాడాన్ కూడా అక్కర్లేదు. 2022లో డ్రాగన్‌ఫ్లైట్‌తో పాటు ఆటలోనే ఎడిట్ మోడ్ వచ్చింది. పటం ఎక్కడుండాలో, బటన్లు ఎంత ఉండాలో లాగి పెట్టుకోవచ్చు. మన బీజీఎంఐ లేఅవుట్ లాగే.

ఆమె పెట్టుకున్నవి అప్పట్లో నాలుగే. సంచులన్నీ కలిపి ఒకే సంచిగా చూపించే బ్యాగ్నన్. దారి బాణం చూపించే టామ్‌టామ్. చిన్న చిన్న పెంపుడు జంతువుల్ని పట్టి జట్లుగా పేర్చుకోవడానికి రీమ్యాచ్. ఆటలోని మనుషులు పని అప్పజెప్పేటప్పుడు చెప్పే కథని, ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నట్టు చూపించే ఇమ్మర్షన్. మేం ‘సరే సరే’ అని నొక్కేసి పరిగెత్తే ఆ కథలన్నీ వదిన చదువుతుంది. ఏ ఊళ్లో ఏ ముసలమ్మ కొడుకు యుద్ధంలో పోయాడో ఆమెకి గుర్తుంటుంది.

కాజువల్ అంటే తక్కువసేపు ఆడేవాళ్లు అనుకుంటాం కదా. నిజానికి వారంలో అన్నయ్య కంటే వదినే ఎక్కువ గంటలు ఆడుతుంది. తేడా గంటల్లో లేదు. అన్నయ్య తప్పు చేస్తే 19 మంది రాత్రి పాడవుతుంది. వదిన తప్పు చేస్తే ఎలుగుబంటి చస్తుంది, మళ్లీ లేపుకుంటుంది. ఎవరికి జవాబు చెప్పాలి అన్నదే అసలు తేడా.

మ్యాట్స్ స్టీన్ సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. నార్వే కుర్రాడు. కండరాలు క్షీణించే డుషెన్ జబ్బుతో చక్రాల కుర్చీలో బతికాడు. 25 ఏళ్లకి, 2014లో చనిపోయాడు. ఆటలో ఇబెలిన్ అనే పేరుతో స్టార్‌లైట్ అనే గిల్డ్‌లో ఉండేవాడు. అక్కడివాళ్లకి పాత్రలో ఉండి మాట్లాడుకోవడమే ఆట. వాళ్ల గిల్డ్ దాచిపెట్టుకున్న మాటల ఆధారంగానే 2024లో ‘ద రిమార్కబుల్ లైఫ్ ఆఫ్ ఇబెలిన్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. కొడుకు ఒంటరిగా బతికాడనుకున్న తల్లిదండ్రులకి, వాడికి ఎంతమంది స్నేహితులున్నారో పోయాకగానీ తెలియలేదు. ఇలా ఆడేవాళ్లకీ యాడాన్లున్నాయి. టోటల్ ఆర్‌పీ 3 పెట్టుకుంటే మీ పాత్ర రూపం, గతం, స్వభావం రాసుకోవచ్చు, అదే యాడాన్ ఉన్న ఎదుటివాళ్లు చదవొచ్చు. దెబ్బల లెక్కతో దానికి పనే లేదు. అలాంటివాళ్లని కాజువల్ జాబితాలో వెయ్యాలా, సీరియస్ జాబితాలోనా?

ఆ ఆదివారం

మా ఆదివారం డంజన్‌కి ఐదుగురు కావాలి. ముందుండి దెబ్బలు కాసేది నేను. దాన్ని ట్యాంక్ అంటారు. అన్నయ్య హీలర్, వదిన దాడి. ఆ రోజు అన్నయ్య గిల్డ్ వాళ్లు ఇద్దరు కలిశారు. బాస్ చచ్చాక ఆ ఇద్దరిలో ఒకతను డీటెయిల్స్ అనే యాడాన్ లెక్కని పార్టీ చాట్‌లో పోశాడు. ఎవరు ఎంత దెబ్బ కొట్టారో పై నుంచి కిందికి వరస. వదిన పేరు నా కింద ఉంది. దెబ్బలు కాసే ట్యాంక్ కంటే దాడి చేసే మనిషి కింద ఉండడమంటే, చుట్టాల ముందు మార్కుల లిస్టు చదివినట్టు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఇంకా ఘోరం.

వచ్చే వారం వదిన రాలేదు. “మీరు వెళ్లండి, నేనెందుకు కూరలో కరివేపాకులా” అంది.

అన్నయ్య తన పద్ధతిలో మందు వేశాడు. తన యాడాన్లన్నీ వదిన కంప్యూటర్‌లో దించాడు. తర్వాత ఏ మీట నొక్కాలో చెప్పే హెకిలి, బాస్ మాడ్స్ అరుపులు, పది వీక్‌ఆరాస్ పట్టీలు. వదిన రెండు రోజులు ఓపిక పట్టింది. మూడోరోజు నాకు ఫోన్. “ఇది ఆటా, డ్రైవింగ్ టెస్టా? ఎడమ చూడు, అద్దం చూడు, ఇప్పుడు నొక్కు, ఇప్పుడు ఆగు. పగలంతా జర్మన్‌లో అదే విన్నాను, రాత్రి ఇంగ్లిష్‌లో మళ్లీనా?” అప్పట్లో ఆమె నిజంగానే అక్కడ లైసెన్సు కోసం క్లాసులకి వెళ్తోంది.

“వదినా, అన్నీ తీసేద్దాం. ఒక్కటే చెప్పు. ఆటలో నీకు నిజంగా చిరాకేసేది ఏంటి?” అని అడిగాను.

మూడు రకాల సాయం

ఆ ఫోన్ తర్వాత నాకొక విభజన కుదిరింది. కాజువల్, సీరియస్ కంటే అదే ఎక్కువ పనికొచ్చింది. యాడాన్ చేసే సాయం మూడు రకాలు.

మొదటిది ఊడ్చే సాయం. సంచి సర్దడం, చెత్త సామాను అమ్మడం, వేలంలో ధరలు చూపించడం. బ్యాగ్నన్, ఆక్షనేటర్ ఈ రకం. ఇంట్లో మిక్సీ లాంటివి. పచ్చడి రుచి మీదే, రోకలి నొప్పి మాత్రం తప్పుతుంది. ఇవి ఎవరైనా కళ్లు మూసుకుని పెట్టుకోవచ్చు.

రెండోది చూపించే సాయం. ఆటలో ఉన్నదే, కానీ కంటికి ఆనని సంగతిని ముందుకి తెస్తాయి. నా సంగతే చెబుతాను. హైదరాబాద్ నుంచి యూరప్ సర్వర్‌కి నా పింగ్ 150 మిల్లీసెకన్ల పైనే. క్వార్ట్జ్ అనే యాడాన్ మంత్రం పట్టీ చివర ఎర్రటి ముక్క గీసి, ఆ ఆలస్యం ఎంతో చూపిస్తుంది. పట్టీ ఎరుపులోకి రాగానే తర్వాతి మీట నొక్కొచ్చని కంటికి తెలుస్తుంది. ఇది మ్యూనిక్‌లో ఉన్నవాళ్లకి పెద్దగా అక్కర్లేదు, నాకు కావాలి. ఇలాంటివాటికి కాజువల్లా సీరియస్సా అన్న ప్రశ్నే పొసగదు. మీ కంటికి ఏది అందడం లేదో అదే పెట్టుకోవాలి. ప్రతిదీ చూపించమంటే మాత్రం అన్నయ్య గతే. రాణిని చంపుతారు, రాణి ముఖం తెలీదు.

మూడోది ఆలోచించే సాయం. ఇప్పుడిది నొక్కు, అటు జరుగు అని చెప్పేవి. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆలోచించడమే మీకు ఆటైతే, దాన్ని ఇంకొకరికి అప్పజెప్పి మీరేం ఆడుతున్నట్టు? మరోవైపు, వేళ్ల నొప్పులున్నవాళ్లకి, పదేళ్ల తర్వాత తిరిగొచ్చి మీటలన్నీ మర్చిపోయినవాళ్లకి ఈ సాయమే ఆటలోకి తలుపు తెరుస్తుంది. 2025లో ఆ కంపెనీయే ఒక్క మీటతో దాడి వరసంతా నడిపే సదుపాయం ఆటలో పెట్టింది.

వదిన చెప్పిన చిరాకు ఏంటో తెలుసా? శత్రువు మంత్రం చదువుతుంటే మధ్యలో ఆపేసే బాణం ఆమె దగ్గర ఉంది. “ఐదుగురు రాక్షసులు మీద పడితే ఎవడు చదువుతున్నాడో కనపడి చావడు” అంది. తక్కువ దెబ్బలు పడుతున్నాయన్న బాధ కంటే అదే ఎక్కువ. ప్లేటర్ అనే యాడాన్ పెట్టాం. శత్రువుల తల మీద ఉండే పేరు పట్టీని మనకి కావలసినట్టు మారుస్తుంది. ఆపగలిగే మంత్రం ఒక రంగు, ఆపలేనిది ఇంకో రంగు. బాస్ మాడ్స్‌లో అరుపులన్నీ తీసేసి ‘పారిపో’ అన్న ఒక్క శబ్దం ఉంచాం. హెకిలి వెళ్లిపోయింది.

ఆ పాత ఆదివారం డంజన్‌కి మళ్లీ వెళ్లాం. అయ్యాక నేను అదే డీటెయిల్స్ తెరిచాను. అందులో దెబ్బల పేజీ ఒక్కటే ఉండదు. ఎవరు ఎన్ని మంత్రాలు ఆపారు, ఎవరు ఎన్ని విషాలు తీశారు అన్న పేజీలూ ఉంటాయి. ఆపిన మంత్రాలు నావి 13, వదినవి 11, మిగతా ఇద్దరివీ కలిపి 3. వదిన దెబ్బల లెక్క ఇప్పటికీ కిందే ఉంది. ఆ 11 మంత్రాలు ఆగకపోతే అన్నయ్య ఎంతమందిని లేపాల్సి వచ్చేదో వాడికి తెలుసు. పేజీని కాసేపు చూసి, “వైద్యం ఇవాళ తేలిగ్గా ఉందేంట్రా అనుకున్నా” అన్నాడు. అంతే, ఇంకేం పొగడలేదు. వదినకి అది చాలినట్టే అనిపించింది.

కంపెనీ గీసిన గీత

ఈ గొడవ మా ఇంట్లోనే పుట్టింది కాదు. యాడాన్ ఎంతవరకు ఆలోచించొచ్చు అన్నది బ్లిజార్డ్ కంపెనీకీ యాడాన్లు రాసేవాళ్లకీ మధ్య మొదటినుంచీ ఉన్న తగాదా. తొలి రోజుల్లో డీకర్సివ్ అనే యాడాన్ ఉండేది. ఒకే మీటని నొక్కుతూ పోతే, శాపం తగిలినవాళ్లని అదే వెతికి అదే బాగుచేసేది. 2006 డిసెంబరులో వచ్చిన 2.0 ప్యాచ్‌తో పోట్లాట మధ్యలో ఎవరిమీద ఏ మంత్రం వెయ్యాలో యాడాన్ తేల్చకుండా తలుపు మూశారు. 2009లో ఇంకో నియమం వచ్చింది. యాడాన్‌కి డబ్బు తీసుకోకూడదు, ఆటలో ప్రకటనలు చూపకూడదు, కోడ్ దాచకూడదు. 2010లో నేలమీద ఎక్కడ నిలబడాలో గీతలు గీసే ఏవీఆర్‌ని పనిచెయ్యకుండా చేశారు.

2026లో వచ్చిన మిడ్‌నైట్‌తో పెద్ద దెబ్బే పడింది. పోట్లాటలోని చాలా వివరాలు యాడాన్‌కి ఇప్పుడు మూసిన కవర్‌లా అందుతాయి. స్క్రీన్ మీద పెట్టి చూపించొచ్చు గానీ, లోపలేముందో చదివి లెక్కలు వెయ్యలేదు. కొత్త ఆటకి తమ యాడాన్ చెయ్యబోమని వీక్‌ఆరాస్ రాసేవాళ్లు ముందే చెప్పేశారు. బదులుగా బాస్ హెచ్చరికలు, దెబ్బల మీటర్ కంపెనీయే ఆటలో పెట్టింది. అన్నయ్య వారం రోజులు ఇంట్లో ఎవరో పోయినట్టు తిరిగాడు. ఏళ్ల తరబడి గీసుకున్న పట్టీలు మరి. వదిన మాత్రం, “నా సంచి పనిచేస్తోందిగా?” అని ఆటలోకి వెళ్లిపోయింది.

పెట్టుకునే ముందు

మీరూ మొదలుపెట్టాలనుకుంటే కొన్ని మాటలు. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి నెల ఏ యాడానూ పెట్టకుండా ఆడండి. మీకు ఏది చిరాకో తెలియాలంటే ముందు చిరాకు పడాలి కదా. ఆ తర్వాత ఒక్కొక్కటే పెట్టండి. ఒకేసారి 20 దించితే, ఏది బాగుందో ఏది ఆటని నెమ్మది చేస్తోందో తెలీదు. గిల్డ్‌లో చేరాలనుకుంటే వాళ్లు ఏం తప్పనిసరి అంటారో ముందే అడగండి. అది వాళ్ల రాత్రుల సంగతి, మొహమాటం అక్కర్లేదు.

కర్స్‌ఫోర్జ్, వాగో లాంటి పేరున్న చోట్ల నుంచే తెచ్చుకోండి. యాడాన్ అంటే కోడ్ ఉన్న మామూలు టెక్స్ట్ ఫైళ్లు, బొమ్మలు, శబ్దాలు. దించిన ఫోల్డర్‌లో డాట్ ఈఎక్స్ఈ ఉంటే అది యాడాన్ కాదు, మూసెయ్యండి. ఆటలో ఎవరో వచ్చి ‘ఈ లైన్ చాట్‌లో పేస్ట్ చెయ్యి, బంగారం వస్తుంది’ అంటే చెయ్యకండి. అలా పేస్ట్ చేసిన లైన్ కూడా ప్రోగ్రామే. ఆట హెచ్చరిక చూపించేది అందుకే.

లాప్‌టాప్ మార్చేటప్పుడు ఇంటర్‌ఫేస్ ఫోల్డర్‌తో పాటు డబ్ల్యూటీఎఫ్ అనే ఫోల్డర్‌ని కూడా కాపీ చేసుకోండి. నవ్వకండి, దాని పేరు నిజంగా అదే. మీ సెట్టింగులన్నీ అందులోనే ఉంటాయి. ఇంకో ఆట ఆడేవాళ్లయితే ముందు దాని నియమాలు చూడండి. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ యాడాన్లని ఒప్పుకుంటుంది. ఫైనల్ ఫాంటసీ 14 నిబంధనల్లో బయటి టూల్స్ నిషేధం.

ఇప్పటి లెక్క చెప్పాలంటే వదినవి 6, నావి 11, అన్నయ్యవి 43 నుంచి 19కి దిగాయి. ఖాళీ అయిన చోట వాడికి కొత్తగా కొండలు కనిపిస్తున్నాయట. మొన్న ఒక బాస్ రెక్కల మీద రంగులు భలే ఉన్నాయని ఫొటో తీసి పంపాడు. ఆదివారాలకి మాత్రం వదిన ఒక షరతు పెట్టింది. లెక్కలు చాట్‌లో పొయ్యకూడదు. పోస్తే ఆ రాత్రి వంట వాడిదే.